స్విఫ్ట్‌ను పైకెత్తే ప్రయత్నం

1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పేరు వింటేనే తెలుగు పల్లెలు ఎంత హడలిపోయాయో ఆనాటి పెద్దలు ఇప్పటికీ చెబుతుంటారు. ఆ భయం చుట్టూ అల్లుకున్న కథతో 2021లో తెలుగులో ఒక సినిమా కూడా వచ్చింది. స్కైలాబ్ మన నెత్తిన పడుతుందా లేదా అన్న గోలలో ఒక ముఖ్యమైన సంగతి మరుగున పడిపోయింది. స్కైలాబ్‌ను పడిపోకుండా నిలబెట్టే ఉపాయం అమెరికా దగ్గర ఉంది, కానీ అది వేళకు అందలేదు. 1973 మే 14న పంపిన ఆ అంతరిక్ష కేంద్రం 1980ల తొలి సంవత్సరాల దాకా పైనే ఉంటుందని మొదట లెక్కవేశారు. సూర్యుడు అనుకున్నదానికంటే చురుగ్గా మారడంతో ఆ లెక్క తప్పింది. మనుషులు లేకుండా దూరం నుంచి నడిపే ఒక చిన్న తోపుడు యంత్రాన్ని స్పేస్ షటిల్‌లో తీసుకెళ్ళి, స్కైలాబ్‌కు తగిలించి, దాన్ని పైకి నెట్టాలని నాసా పథకం వేసింది. యంత్రం తయారీ మొదలైంది గానీ దాన్ని మోసుకెళ్ళవలసిన షటిల్ సిద్ధం కాలేదు. 1978 డిసెంబరులో ఆ పథకాన్ని వదులుకున్నారు. ఏడు నెలల తర్వాత స్కైలాబ్ ముక్కలు ఆస్ట్రేలియా పడమటి భాగంలో రాలాయి. షటిల్ తొలిసారి ఎగిరింది 1981 ఏప్రిల్‌లో.

ఇప్పుడు దాదాపు అదే పరిస్థితిలో స్విఫ్ట్ అనే అంతరిక్ష దుర్భిణి ఉంది. 2004 నవంబరు 20న ఫ్లోరిడాలోని కేప్ కెనవెరల్ నుంచి బయల్దేరి, సుమారు 600 కిలోమీటర్ల ఎత్తున భూమి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. దాని రూపకర్తల్లో ముఖ్యుడైన నీల్ గెరెల్స్ 2017లో కన్నుమూశాక, 2018లో ఆయన పేరు దానికి పెట్టారు. ఇరవై ఏళ్ళు దాటినా పరికరాలు పనిచేస్తూనే ఉన్నాయి. జారిపోతున్నది దాని కక్ష్య మాత్రమే. 2026 తొలి నెలల నాటికే 400 కిలోమీటర్ల కంటే కిందికి దిగిపోయింది. 2025 సెప్టెంబరులో నాసా అమెరికాలోని అరిజోనాకు చెందిన కటలిస్ట్ అనే చిన్న సంస్థకు 3 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. రోబో చేతులున్న ఒక వ్యోమనౌక 2026లో వెళ్ళి, స్విఫ్ట్‌ను పట్టుకుని, పైకి తీసుకుపోవాలన్నది ఒప్పందం. ఇది తెలివైన నిర్ణయమా, ముసలి ఉపగ్రహం మీద వృథా ఖర్చా? నా సమాధానం నేరుగా చెబుతాను. ఇది తెలివైన నిర్ణయమే, ప్రయత్నం ఫలించకపోయినా తెలివైన నిర్ణయమే. ఇలాంటి చోట బేరీజు వేయవలసింది గెలుపు అవకాశం ఒక్కటే కాదు. ఏమీ చేయకుండా కూర్చుంటే ఏమవుతుందో దాన్ని కూడా పక్కనే ఉంచి పోల్చి చూడాలి. స్విఫ్ట్ విషయంలో ఆ రెండోది అనుమానానికి తావు లేనిది. ఊరుకుంటే అది కాలిపోతుంది.

పోయేది ఏమిటో తెలియకుండా ఈ బేరీజు సాగదు కాబట్టి స్విఫ్ట్ చేసే పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆకాశంలో ఏ దిక్కు నుంచైనా, ఏ క్షణంలోనైనా గామా కిరణాల మెరుపు ఒకటి వచ్చి పడుతుంది. కొన్ని సెకనులో చిన్న భాగం పాటు, కొన్ని నిమిషాల పాటు ఉంటాయి. అణుపరీక్షలను పసిగట్టడానికి అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలు 1967లో వీటిని మొదట నమోదు చేశాయి. ఆ సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది 1973లో. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పడం కష్టం. ఎందుకంటే గామా కిరణాలను మామూలు అద్దాలతో, కటకాలతో ఒకచోటికి చేర్చలేం. స్విఫ్ట్‌లోని పెద్ద పరికరం ఈ చిక్కును నీడతో దాటుతుంది. పైన యాభై వేలకు పైగా చిన్న సీసపు పలకలు అడ్డదిడ్డంగా పరిచిన ఒక తెర, కింద 32,768 చిన్న చిన్న గ్రాహకాలు. మెరుపు వచ్చినప్పుడు ఏ గ్రాహకం మీద సీసం నీడ పడిందో, దేని మీద పడలేదో లెక్కగట్టి, అది వచ్చిన దిక్కు కనిపెడుతుంది. కిటికీ ఊచల నీడ గోడ మీద ఎక్కడ పడిందో చూసి ఎండ ఏ వైపు నుంచి వస్తోందో చెప్పడం లాంటిదే ఇది. ఆ లెక్క తేలాక భూమ్మీది నుంచి ఆజ్ఞ కోసం ఆగదు. తనంతట తానే ఒళ్ళు తిప్పుకుని, ఒకటిన్నర నిమిషం లోపలే తన ఎక్స్ కిరణాల దుర్భిణిని, అతినీలలోహిత దుర్భిణిని అటు గురిపెడుతుంది. ఈలోగా మెరుపు ఎక్కడ పుట్టిందో ఆ చిరునామా ప్రపంచంలోని దుర్భిణులన్నిటికీ చేరిపోతుంది. పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయం నుంచి దీన్ని నడుపుతున్నారు. అమెరికాతో పాటు ఇటలీ, బ్రిటన్ శాస్త్రవేత్తల చేయి కూడా ఇందులో ఉంది.

ఈ వేగం వల్ల ఏం ఒనగూరిందో రెండు మూడు సంఘటనలు చూస్తే తెలుస్తుంది. 2005 మే 9న సెకనులో అతి చిన్న భాగం పాటు ఒక మెరుపు వచ్చింది. స్విఫ్ట్ నిమిషం లోపలే అటు తిరిగింది. దాని ఎక్స్ కిరణాల దుర్భిణికి అందినవి మొత్తం 11 ఫోటాన్లు. ఆ పదకొండుతోనే మెరుపు ఉనికి తెలిసి, దానికి ఆనుకుని ఒక ముసలి గెలాక్సీ కనబడింది. కొత్త నక్షత్రాలు పుట్టడం దాదాపు ఆగిపోయిన గెలాక్సీ అది. పొట్టి మెరుపులు చనిపోతున్న భారీ నక్షత్రాలవి కావని, చచ్చిన నక్షత్రాల అవశేషాలు రెండు ఒకదానికొకటి గుద్దుకున్నప్పుడు వస్తాయని అనుకుంటున్న ఊహకు తొలి గట్టి ఆధారం అలా దొరికింది. ఆ తర్వాత 2017 ఆగస్టు 17న అలాంటి అవశేషాలైన రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న గురుత్వ తరంగాలను లైగో, విర్గో వేధశాలలు పట్టుకున్నాయి. ఆ ఢీ వల్ల మెరుపు వచ్చిన క్షణంలో స్విఫ్ట్‌కు భూమి అడ్డం వచ్చింది. అయినా సుమారు 15 గంటల్లో అది జరిగిన గెలాక్సీ వైపు తిరిగి చూస్తే, అతినీలలోహిత కాంతిలో ఢీకొన్న చోటు వెలుగుతూ కనిపించింది. కొద్ది రోజుల్లోనే ఆ వెలుగు ఆరిపోయింది. అంత ధగధగలాడే నీలి కాంతి ఉంటుందని చాలామంది ఊహించలేదు. ఢీకొన్న నక్షత్రాల నుంచి ఎంత పదార్థం ఎంత వేగంతో ఎగిరిపడిందో, బంగారం, ప్లాటినం వంటి బరువైన లోహాలు అక్కడ ఎలా తయారయ్యాయో చెప్పే లెక్కల్లో ఆ తొలి గంటల అతినీలలోహిత కొలతలకు పెద్ద పాత్ర ఉంది. వాతావరణం అతినీలలోహిత కాంతిని అడ్డుకుంటుంది కాబట్టి భూమ్మీద ఎంత పెద్ద దుర్భిణి ఉన్నా ఈ పని చేయలేదు. 2008 జనవరి 9న అయితే, వేరే సూపర్‌నోవాను చూస్తూండగా అదే గెలాక్సీలో మరో నక్షత్రం పేలిన తొలి నిమిషాలనే స్విఫ్ట్ ఎక్స్ కిరణాల్లో పట్టుకుంది. పేలి రోజులు గడిచాక తప్ప సూపర్‌నోవాను చూడలేని రోజులవి. సూర్యుడి చుట్టూ తిరిగే కుటుంబానికి చెందని 3ఐ/అట్లాస్ తోకచుక్క 2025లో వచ్చినప్పుడు, దానిలోంచి నీరు విడుదలవుతున్న ఆనవాలు పట్టింది కూడా ఈ ముసలి దుర్భిణే.

మరి ఇంత పనిమంతురాలు ఎందుకు కిందికి జారుతోంది? స్విఫ్ట్‌కు ఇంజను లేదు. ఒళ్ళు తిప్పుకోవడానికి చక్రాలున్నాయి, ఎత్తు పెంచుకోవడానికి ఏమీ లేదు. ఆ ఎత్తులో గాలి లేదని మనం అనుకుంటాం గానీ పలచగా ఉంటుంది. సూర్యుడి చురుకుదనం పెరిగినప్పుడు పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది. 500 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత సూర్యుడు మందగించిన కాలానికీ ఉధృతంగా ఉన్న కాలానికీ మధ్య పది రెట్లకు పైగా మారుతుంది. 2022 ఫిబ్రవరిలో అప్పుడే పైకి వెళ్ళిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో సుమారు 40, సౌర తుఫాను వల్ల చిక్కబడిన గాలిని తట్టుకోలేక రాలిపోయాయి. ఇప్పుడు నడుస్తున్న 25వ సౌరచక్రం ముందు వేసిన అంచనాలను మించింది. స్కైలాబ్‌ను దెబ్బతీసిన కారణమే ఇది. రెండు సందర్భాల్లోనూ పరికరం బాగానే ఉంది, సూర్యుడి లెక్కే తప్పింది. కక్ష్య జారే వేగాన్ని తగ్గించడానికి 2026 ఫిబ్రవరిలో స్విఫ్ట్ పరిశీలనలు చాలావరకు ఆపేసి, గాలికి తక్కువగా ఎదురయ్యేలా దాన్ని తిప్పి ఉంచారు. ఆకాశంలో మెరుపు వస్తే అటు తిరగడమే దాని వృత్తి. బతికి ఉండడం కోసం ఆ తిరగడమే మానుకోవలసి వచ్చిందంటే పరిస్థితి ఎంత దగ్గరపడిందో అర్థమవుతుంది.

కాపాడే పథకంలో మొదటి చిక్కు భౌగోళికమైనది. స్విఫ్ట్ కక్ష్య భూమధ్యరేఖకు 20.6 డిగ్రీల వాలులో ఉంది. ఫ్లోరిడా ప్రయోగ కేంద్రం 28 డిగ్రీల అక్షాంశానికి పైన ఉంది కాబట్టి అక్కడి నుంచి ఎగిరే రాకెట్ నేరుగా ఈ కక్ష్యలోకి వెళ్ళలేదు. దారి మళ్ళడానికి బోలెడు ఇంధనం తగలబెట్టాలి. పెద్ద రాకెట్ కొంటే ఆ ఖర్చే మొత్తం బడ్జెట్‌ను మింగేస్తుంది. అందుకని విమానం పొట్ట కింద వేలాడదీసి తీసుకెళ్ళే పెగాసస్ రాకెట్‌ను ఎంచుకున్నారు. విమానం భూమధ్యరేఖ దగ్గరికి పోయి, సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున రాకెట్‌ను వదిలేస్తుంది. అది కొన్ని సెకన్లు కిందికి పడి, అప్పుడు అంటుకుంటుంది. కాంట్రాక్టు చేతికొచ్చిన నాటి నుంచి తొమ్మిది నెలల్లో, అంటే 2026 జూన్ నాటికి, ప్రయోగించాలన్నది ప్రణాళిక. అంతరిక్ష సంస్థల అలవాటులో తొమ్మిది నెలలు ఒక సమీక్షకే చాలవు. రెండో చిక్కు ఇంకా పెద్దది. స్విఫ్ట్‌ను తయారుచేసిన వాళ్ళు దాన్ని ఎవరైనా వచ్చి పట్టుకుంటారని అనుకోలేదు. పట్టుకోవడానికి పిడి లేదు, దగ్గరికి వచ్చేవాళ్ళకు దూరం తెలిపే గుర్తులు లేవు. వేడి నుంచి కాపాడే పలచని రేకుల దుప్పటి ఒంటినిండా చుట్టి ఉంది, పక్కల సౌరఫలకాలున్నాయి. తప్పు చోట చేయి వేస్తే కాపాడబోయి చంపినట్టవుతుంది. పైగా దాని దుర్భిణులను సూర్యుడి వైపు తిరగనివ్వకూడదు.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది, అది తేలిగ్గా తీసిపారేయదగింది కాదు. పట్టుకోవడానికి సిద్ధం చేయని ఉపగ్రహాన్ని అంత తొందరలో పట్టబోవడం దుస్సాహసం అంటారు. దీనికి చరిత్రలో గట్టి సాక్ష్యమే ఉంది. 1984 ఏప్రిల్‌లో ఛాలెంజర్ షటిల్ మీద వెళ్ళిన వ్యోమగాములు సోలార్ మ్యాక్స్ అనే చెడిపోయిన సౌర పరిశోధక ఉపగ్రహాన్ని బాగుచేయబోయారు. దాన్ని బాగుచేయడానికి వీలుగానే కట్టారు, పట్టుకునే కొయ్య కూడా ఉంది. జార్జ్ నెల్సన్ వీపున చిన్న జెట్ యంత్రం తగిలించుకుని, నౌకకు ఏ తాడూ లేకుండా ఈదుకుంటూ పోయి, చేతిలోని పరికరాన్ని ఆ కొయ్యకు తగిలించాడు. అతుక్కోలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ అతుక్కోలేదు. వేడి దుప్పటిని పట్టి ఉంచే ఒక చిన్న బిళ్ళ కొయ్య పక్కనే పొడుచుకొచ్చి అడ్డం పడుతోందని తర్వాత తేలింది. నక్షాల్లో ఆ బిళ్ళ లేదు. నెల్సన్ సౌరఫలకాన్ని చేత్తో పట్టుకుని ఆపబోతే ఉపగ్రహం అడ్డదిడ్డంగా దొర్లడం మొదలుపెట్టింది. ఎండ సరిగా తగలక బ్యాటరీలు అడుగంటాయి. నాసా గాడర్డ్ కేంద్రం ఇంజనీర్లు రాత్రంతా కూర్చుని, ఉపగ్రహంలోని అయస్కాంత చుట్టలతో దాన్ని నెమ్మదిగా స్థిరపరిచారు. రెండు రోజుల తర్వాత షటిల్ రోబో చేయి దాన్ని పట్టుకుంది. మరమ్మతు జరిగింది, 1989 దాకా అది పనిచేసింది. ఈ కథ అభ్యంతరం చెప్పేవాళ్ళకూ పనికొస్తుంది, నాకూ పనికొస్తుంది. పట్టుకోవడం ఎంత కష్టమో, కాగితం మీది ఉపగ్రహం వేరు, పైన తిరిగే ఉపగ్రహం వేరని ఇది చెబుతోంది. అయితే చివరికి దాన్ని పట్టింది యంత్రపు చేయి అని, ఆపద గడిపింది భూమ్మీద కూర్చుని ఆజ్ఞలు పంపిన మనుషులని కూడా చెబుతోంది. ఆనాటితో పోలిస్తే నేటి కెమెరాలు, లేజర్ దూరమాపకాలు, కంప్యూటర్లు ఎంతో ముందున్నాయి. సోలార్ మ్యాక్స్‌లా స్విఫ్ట్ చెడిపోయి లేదు. తన స్థితిని తాను అదుపులో ఉంచుకుంటూ, చెప్పిన మాట వింటోంది. గింగిరాలు తిరిగే దాన్ని పట్టడానికీ నిలకడగా నిలబడిన దాన్ని పట్టడానికీ చాలా తేడా ఉంది.

రెండో అభ్యంతరం డబ్బుది. ఇరవై ఏళ్ళు దాటిన యంత్రం మీద ఎందుకు పెట్టాలి, రేపు ఇంకో భాగం చెడిపోతే ఏం చేస్తారు? నిజమే, స్విఫ్ట్‌కు వయసు మీద పడింది. 2022 జనవరిలో దాని ఆరు చక్రాల్లో ఒకటి ఆగిపోయింది. 2024 మార్చిలో ఒక గైరోస్కోప్ మొరాయిస్తే, మిగిలిన రెండింటితో నడిచేలా కొత్త ప్రోగ్రాం రాసి పంపారు. ఆ రెండుసార్లూ కొద్ది వారాల్లోనే అది మళ్ళీ పనిలో పడింది. ముసలిదైన యంత్రం అంటే లోపాలు తెలిసిన యంత్రం, నడిపే మనుషులకు దాని గుణం బాగా తెలిసిన యంత్రం అని కూడా అర్థం. ఇక లెక్కలోకి వస్తే, స్విఫ్ట్‌ను కట్టి పంపడానికి 2004 నాటికే సుమారు 25 కోట్ల డాలర్లయింది. ఈ ప్రయత్నానికి 3 కోట్లు. ప్రయత్నం గెలిచే అవకాశం సగానికి సగమే అనుకున్నా, గెలిస్తే దొరికేవి మరికొన్నేళ్ళు అనుకున్నా బేరం గిట్టుబాటే. ఎందుకంటే కొత్తదానికి డబ్బు కాకుండా కాలం కూడా కావాలి. ఈ రోజు అనుమతి ఇచ్చినా కొత్త దుర్భిణి పైకి వెళ్ళడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో ఆకాశంలో జరిగే పేలుళ్ళు మన కోసం ఆగవు. తారల పట్టిక తయారుచేసే దుర్భిణికి అయిదేళ్ళ విరామం వస్తే ఆ పని తర్వాత పూర్తిచేసుకోవచ్చు. క్షణికమైన వాటిని పట్టే దుర్భిణికి విరామం వస్తే ఆ సంఘటనలు శాశ్వతంగా పోయినట్టే.

కొత్తవి వచ్చాయిగా అని అడుగుతారు. వచ్చాయి, అవి రావడం సంతోషించవలసిన విషయం. చైనా ఐన్‌స్టీన్ ప్రోబ్ 2024 జనవరిలో, చైనా, ఫ్రాన్స్ కలిసి కట్టిన ఎస్‌వీఓఎం అదే ఏడాది జూన్‌లో పైకి వెళ్ళాయి. రెండూ మంచి పరికరాలు. అయితే వాటిలో అతినీలలోహిత దుర్భిణి లేదు. నాసా తలపెట్టిన అతినీలలోహిత దుర్భిణి యూవెక్స్ రావడానికి 2030 దాకా ఆగాలి. హబుల్‌కూ, మన ఆస్ట్రోశాట్‌కూ అతినీలలోహితంలో చూసే శక్తి ఉంది గానీ, నిమిషంలో ఒళ్ళు తిప్పుకునే వేగం వాటికి లేదు. పైగా చిలీలో 2025లో కన్ను తెరిచిన వెరా రూబిన్ వేధశాల రాత్రికి రాత్రి లెక్కలేనన్ని మార్పులను ఆకాశంలో గుర్తించబోతోంది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో-ఇండియా రూపుదిద్దుకుంటోంది. అవి ఎక్కడో ఏదో జరిగిందని చెబుతాయి. ఆ చోటికి వెంటనే తిరిగి ఎక్స్ కిరణాల్లో, అతినీలలోహితంలో చూసేవాళ్ళు కావాలి. గట్టిగా పిలిచేవాళ్ళు పెరుగుతున్న సమయంలో పరుగెత్తి వెళ్ళే దాన్ని పోగొట్టుకోవడం నాకు సబబుగా తోచదు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం నాసా సొంత అనుభవం నుంచే వస్తుంది. పట్టుకోవడానికి సిద్ధం చేయని ల్యాండ్‌శాట్-7 ఉపగ్రహాన్ని రోబోతో పట్టి ఇంధనం నింపాలని ఓసామ్-1 అనే పథకాన్ని నాసా ఏళ్ళ తరబడి నడిపింది. ఖర్చు పెరిగింది, గడువులు దాటాయి, చివరికి 2024 మార్చిలో ఆపేస్తున్నట్టు ప్రకటించారు. సాంకేతిక చిక్కులు, ఖర్చు, జాప్యం అన్న కారణాలతో పాటు, ఇలా సిద్ధం చేయని ఉపగ్రహాలకు ఇంధనం నింపే ఆలోచన నుంచే ఈ రంగం పక్కకు జరిగిందని కూడా చెప్పారు. పెద్ద సంస్థ చేతులెత్తేసిన పనిని చిన్న సంస్థ తొమ్మిది నెలల్లో ఎలా చేస్తుంది? రెండు పనులూ ఒకటి కావన్నది నా జవాబు. ఓసామ్-1 దుప్పటి కోసి, భూమ్మీద బిగించిన మూతలు విప్పి, గొట్టం తగిలించి, ఇంధనం ఎక్కించాలి. స్విఫ్ట్‌కు ఇంధనం అక్కర్లేదు, విప్పవలసిన మూతలూ లేవు. పట్టుకుని, పైకి మోసి, వదిలేయాలి. పని ఎంత చిన్నదైతే చెడే చోట్లు అంత తగ్గుతాయి. ఇలాంటి చిన్న పని ఒకటి ఇప్పటికే జరిగింది కూడా. 2020 ఫిబ్రవరి 25న ఎంఈవీ-1 అనే వ్యోమనౌక, ఇంధనం అడుగంటిన ఇంటెల్‌శాట్-901 సమాచార ఉపగ్రహాన్ని పట్టుకుంది. దానికీ పిడి లేదు. వెనకనున్న ఇంజను గొట్టంలోకి ఒక కడ్డీని దూర్చి పట్టు సంపాదించారు. రెండూ ఒకటిగా అతుక్కుని అయిదేళ్ళు పనిచేశాక, 2025లో ఎంఈవీ-1 పాతదాన్ని సురక్షితంగా వదిలిపెట్టింది. అంచేత ఇది అసాధ్యం కాదు. కష్టం, తొందర ఎక్కువ, అంతే.

విఫలమైతే చెత్త పెరుగుతుందన్న భయం ఒకటుంది. 800, 900 కిలోమీటర్ల ఎత్తున అయితే ఆ భయం నిజమే, అక్కడి ముక్కలు తరాల పాటు తిరుగుతాయి. 400 కిలోమీటర్ల కింద గాలే ఊడ్చేస్తుంది. స్విఫ్ట్‌ను దిగలాగుతున్న గాలే ఈ ప్రయత్నానికి రక్షణ కూడా. అంతరిక్ష కేంద్రాలు తిరిగేది ఆ చుట్టుపక్కలే కాబట్టి జాగ్రత్త తప్పదు, ఆ జాగ్రత్తలు ప్రతి ప్రయోగానికీ ఉన్నవే. ఇక ఊరుకున్నా ప్రమాదం సున్నా కాదు. దాదాపు టన్నున్నర బరువున్న స్విఫ్ట్ తనంతట తాను పడితే 20.6 డిగ్రీల ఉత్తర, దక్షిణ అక్షాంశాల మధ్య ఎక్కడైనా పడవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మొత్తం ఆ పట్టీలోనే ఉన్నాయి. స్కైలాబ్ నాటిలా భయపడవలసిన పని లేదు. దానితో పోలిస్తే ఇది చాలా చిన్నది, ఎక్కువ భాగం కాలిపోతుంది, ఏ ఒక్క మనిషికైనా తగిలే అవకాశం లెక్కకు అందనంత తక్కువ. ఇతరుల ఉపగ్రహాలను పట్టగలిగే చేయి యుద్ధానికీ పనికొస్తుందన్న శంక కూడా సరైనదే. దానికి మందు ఇలాంటి పనులను బాహాటంగా, అందరి కళ్ళ ముందు చేయడమే.

ఈ వాదన పట్టుకుని, మరి హబుల్‌ను ఎందుకు ఎత్తరు అని అడగవచ్చు. హబుల్ కథ వేరు. 1993 నుంచి 2009 వరకు అయిదుసార్లు వ్యోమగాములు వెళ్ళి దాన్ని బాగుచేశారు. 2003లో కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా షటిల్ ప్రమాదం తర్వాత చివరి మరమ్మతును రద్దుచేసి, రోబోను పంపుదామని ఆలోచించారు. నిపుణుల సంఘం పరిశీలించి, రోబో వేళకు సిద్ధం కాదని, మనుషులే వెళ్ళాలని 2004 చివర్లో తేల్చింది. 2009 మేలో మనుషులే వెళ్ళారు. 2024లో ఒక ప్రైవేటు యాత్ర హబుల్‌ను ఎత్తుతానంటే నాసా ప్రస్తుతానికి వద్దంది. ఆ రెండు నిర్ణయాలూ సరైనవేనని నా అభిప్రాయం. హబుల్ ఇంకా ఏళ్ళ తరబడి పైనే ఉంటుంది, అంత విలువైన దాని మీద కొత్త చేతిని పరీక్షించడం తొందరపాటు. స్విఫ్ట్ విషయంలో వ్యవధి లేదు. పోగొట్టుకునేది ఎలాగూ పోయేదే కాబట్టి, నేర్చుకోవడానికి ఇంతకంటే సరైన చోటు దొరకదు. స్విఫ్ట్ దగ్గర నేర్చుకున్నది రేపు హబుల్ దగ్గర పనికొస్తుంది. 2009లో వెళ్ళిన వ్యోమగాములు హబుల్ అడుగున, భవిష్యత్తులో ఏ యంత్రమైనా పట్టుకోవడానికి వీలుగా ఒక వలయాన్ని బిగించి వచ్చారు కూడా.

మనకు అసలు సంబంధించింది ఆ వలయమే. 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన రెండు స్పేడెక్స్ ఉపగ్రహాలను ఇస్రో 2025 జనవరి 16న కక్ష్యలో కలిపింది. ఒక్కొక్కటి 220 కిలోల బరువున్న ఆ రెండూ ఒకదాని కోసం ఒకటి కట్టినవి, రెండు వైపులా కలుపుకునే అమరిక ఉంది. అయినా మొదట అనుకున్న తేదీలు రెండుసార్లు మారాయి. జనవరి 12న మూడు మీటర్ల దూరం దాకా తెచ్చి, మళ్ళీ వెనక్కి జరిపి, కొలతలు చూసుకున్నారు. అంత సిద్ధం చేసిన చోటే అంత ఓర్పు కావలసి వచ్చింది. 2015 సెప్టెంబరు 28న అదే శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆస్ట్రోశాట్ అయిదేళ్ళ ఆయుష్షుతో బయల్దేరి పదేళ్ళు దాటించింది. దాని అతినీలలోహిత దుర్భిణి లాంటివి ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. ఇకముందు మనం పంపే ప్రతి శాస్త్రీయ ఉపగ్రహానికీ రెండు ఏర్పాట్లు తప్పనిసరి చేయాలి. ఒకటి, రోబో చేతికి చిక్కే గట్టి వలయం, దాని చుట్టూ దూరం తెలిపే గుర్తులు. ఉపగ్రహం మొత్తం బరువులో, ఖర్చులో అది లెక్కకు రాదు. రెండోది అంతకంటే చవక. రాకెట్ మీద మూత మూసే ముందు ఉపగ్రహాన్ని నలువైపులా, ప్రతి మేకూ, ప్రతి బిళ్ళా కనిపించేలా ఫోటోలు తీసి, ఎవరు ఎప్పుడు ఏ చిన్న ముక్క మార్చారో రాసి, ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చే ఇంజనీరుకు దొరికే చోట దాచిపెట్టాలి.